కప్పు వంతెన మీద క్యాసెట్టు

ఈ మధ్య మనుషులు రెండు ముక్కలు రాయడానికి బద్ధకించి ఫోన్లో వాయిస్ మెసేజీలు పంపుతున్నారు. మొన్న మా తమ్ముడు నాలుగు నిమిషాలది ఒకటి పంపాడు. అందులో మూడు నిమిషాలు గాలి చప్పుడే. ఆ హోరు వింటుంటే నాకు ఖతర్ గుర్తొచ్చింది.

చమురు పొంగి, దేశం దేశమంతా పునాదులు తవ్వుకుంటున్న రోజులవి. నేను బీకాం చదివి, అల్ ఖోర్ దగ్గర క్యాంపులో సిమెంటు గోదాముకు తాళం తీసి వేసే ఉన్నతోద్యోగంలో ఉండేవాణ్ణి. గదిలో పన్నెండు మందిమి. వాళ్ళలో ఒకాయన జగిత్యాల వైపు వడ్రంగి, నాకు వరసకు మామ. చదువు రాదు కాబట్టి ఇంటికి క్యాసెట్లు పంపేవాడు. అప్పట్లో చాలామందిది అదే పద్ధతి; సెలవు మీద పోయేవాడి పెట్టెలో సగం క్యాసెట్లే. ఒక వైపు మనం మాట్లాడాలి, రెండో వైపు జవాబుకు వదలాలి.

ఈసారి మామ చెప్పాల్సింది చిన్న మాట కాదు. రెండేళ్ళు కాగానే వచ్చేస్తానని అత్తకు మాటిచ్చాడు. తీరా గడువు దగ్గరపడేసరికి కంపెనీ కాగితం ముందు పెడితే, ఇంకో రెండేళ్ళకు వేలిముద్ర వేశాడు. ఆ సంగతి తన నోటితోనే చెప్పాలనుకున్నాడు. పన్నెండు మంది ముందు చెప్పలేడు. ఆరుబయట గాలి చెప్పనివ్వదు. అందుకని ఒక శుక్రవారం పొద్దున నా టేప్ రికార్డరు పట్టుకుని ఇద్దరం ఊళ్ళోని కప్పు వంతెనకు బయల్దేరాం. మధ్యాహ్నానికల్లా క్యాసెట్టు మా వంటమనిషి చేతిలో పెట్టాలి. అతను ఆ రోజే సెలవు మీద ఊరికి పోతున్నాడు.

ఆ దేశంలో నది లేదు. ఉన్నది ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ. మావాళ్ళు దాన్ని వాగు అనేవారు. వాగుకు అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు. దాని మీద, ముత్యాలు ఏరే పడవల కాలం నాటిదని చెప్పుకునే కర్ర వంతెన, పైనా పక్కలా ఖర్జూరపు మట్టల కప్పు. చమురు వచ్చాక ఒడ్డున పార్కు వెలిసింది: చారెడు పచ్చిక, నాలుగు సిమెంటు బల్లలు, పొద్దస్తమానం నీళ్ళు పట్టే ఒక బలూచీ ముసలాయన. మా గది మొత్తం స్నానాలకన్నా ఆ గడ్డికే ఎక్కువ నీళ్ళు పోసేవారు.

వంతెన లోపల చల్లగా, ఎండుచేపల వాసనగా ఉండేది. నీటి వెలుగు కప్పు మీద ఆడుతుంటే మామ తలెత్తి దూలాలు చూస్తూ నిలబడిపోయాడు. ఏం చెప్పాలో దారంతా నేర్పించాను: ముందు క్షేమం, తర్వాత కంపెనీ సంగతి, చివర ఓదార్పు. బీకాంలో ఉత్తరాలు రాసే పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి మరి.

మామ మీట నొక్కి గొంతు సవరించుకున్నాడు. “ఇగో, ఇంటున్నవా. నేను మంచిగున్న. గిక్కడొక వంతెనున్నది...”

అక్కణ్ణుంచి దూలాలు ఎన్నో చెప్పాడు, చీల అన్నది లేకుండా తాళ్ళతో ఎలా బిగించారో చెప్పాడు. నీళ్ళు ఒకపూట ఇటూ ఒకపూట అటూ పారడం చెప్పాడు. నేను కంపెనీ, కంపెనీ అని సైగలు చేస్తూనే ఉన్నాను. ఆయన మాటల్లోనే పార్కులోకి దిగి, గడ్డి మీదుగా బలూచీ ముసలాయన గడ్డం దాకా వెళ్ళాడు. చివరికి ధైర్యం కూడగట్టుకుని, “అయితే ఒక ముచ్చట...” అన్నాడు. క్యాసెట్టు టక్కున ఆగిపోయింది.

రెండో వైపు చెప్పమంటే, అది అత్తదన్నాడు. చెరిపి మళ్ళీ చెబుదామన్నాను.

“ఇంత మంచిగ చెప్పిన గదా అల్లుడా, చెరుపబుద్ధయితలేదు” అన్నాడు.

నెలన్నరకు అదే క్యాసెట్టు తిరిగొచ్చింది. మళ్ళీ వంతెన మీదికే పోయి పెట్టుకున్నాం. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రెండేళ్ళంటే గోడ మీద క్యాలెండరు రెండుసార్లు మార్చడమే అనుకునేవాణ్ణి. వాటిని ఒక్కో రోజుగా లెక్కబెట్టేవాళ్ళు వేరే ఉంటారని ఆ పొద్దున తెలిసింది. అరగంట పట్టే వైపులో అత్త వాడుకున్నది అర నిమిషం కూడా కాదు. ముందు ఒక కోడి అరిచింది. తర్వాత అత్త నిదానంగా అంది:

“అరగంట వంతెన ముచ్చట చెప్పినవ్. ఎప్పుడొస్తవో చెప్పలే. మల్ల రెండేండ్లకు ఏలుముద్ర ఏసినవ్ గదా.”