భద్రు అన్న అంబాసిడర్ మీద నేను గీసిన గీత

ఈ ప్రయాణం ఒక ఫోటోతో మొదలైంది. మా పాత కార్ల సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక క్రీము రంగు అంబాసిడర్ ఫోటో పెట్టారు. మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుంచి ఈసారి భూపాలపల్లి ప్రదర్శనకు వస్తున్న బండి అన్నారు. ముందు భాగం చూసి ప్రాణం లేచొచ్చింది. తలుపుల దాకా వచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. నాలుగు తలుపులకూ కింది సగం నిండా ఉబ్బెత్తుగా తీగలు, ఆకులు, మూలకో నెమలి! పూజగది తలుపుకు చేయించుకోవాల్సిన సోకును తెచ్చి అంబాసిడర్‌కు అంటగట్టారు. లప్పం మెత్తి, పూలు దిద్ది, పైన రంగు కొట్టేశారని గ్రూపంతా తేల్చేసింది. "ఎవడయ్యా వీడు? ఇట్లాంటివాడి చేతికి బండి ఇచ్చిందెవరు?" అని అందరికంటే ముందు రాసింది నేనే.

రాసే హక్కు నాకుందనుకున్నాను మరి. జనగామలో మాది మూడు తరాల స్పేర్ పార్టుల దుకాణం. తాత కొన్న పద్మిని కారును ఇప్పటికీ నేనే నడుపుతాను, నేనే తుడుస్తాను. పోయినసారిలాగే ఈసారీ సంఘం వాళ్లు నన్ను జడ్జిగా వేశారు. బండి రేకు అసలుదా, మధ్యలో అతికిందా తేల్చడం నా పని. మా జడ్జిలకు ఒక నియమం ఉంది. తీర్పు రాసేదాకా బండి యజమానితో మాట్లాడకూడదు. మాట్లాడితే మొహమాటం పుడుతుందట, మార్కులు మారిపోతాయట. ఎంత గొప్ప నియమమో ఈ ప్రయాణంలోనే తెలిసొచ్చింది.

జనగామ నుంచి భూపాలపల్లికి తిన్నగా వెళ్లాలంటే వరంగల్, పరకాల మీదుగా రెండున్నర గంటలు చాలు. నేను మాత్రం చుట్టుదారి పట్టాను. ఇంజన్లు చూసే జడ్జి కిషన్ అన్నను మహబూబాబాద్‌లో ఎక్కించుకోవాలి. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పొద్దున ఐదున్నరకు బయలుదేరి, ఆరుంబావుకల్లా పాలకుర్తిలో ఆగాను. పది రూపాయల టీ గాజుగ్లాసు నిండా పోసిచ్చే అక్క ఒకామె ఉంటుంది అక్కడ.

"ఏంది సేటూ, గింత పొద్దుగాల బండి తీసినవ్?" అంది.

"తీర్పు చెప్పనీకి పోతున్న అక్కా."

"కోర్టుకా?"

"కాదు, కార్లకు."

"అవ్వో! కార్లేం తప్పు జేసినయే?"

నవ్వొచ్చింది కానీ, ఫోన్ తీసి ఆ తలుపుల ఫోటో చూపించాను. ఆమె కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, "మంచిగున్నది గద" అంది. ఈమెకేం తెలుసులే అనుకుని డబ్బులిచ్చి లేచాను.

పాలకుర్తి నుంచి తొర్రూరు దాకా రోడ్డు బాగుంది. అటూ ఇటూ పత్తి చేలు, ఆటోల వెనక పశువుల మంద, పశువుల వెనక నేను. తొర్రూరు దాటాక గుంతలు మొదలవుతాయి. పాత బండితో వెళ్లేవాళ్లు నలభై దాటకండి. ఎనిమిదిన్నరకు మహబూబాబాద్ చేరాను. స్టేషన్ దారిలో నలభై రూపాయలకు నాలుగు పూరీలు, కాస్త నీళ్లగా ఉన్నా కమ్మని ఆలుకూర. కిషన్ అన్న అప్పటికే తినేసి పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన పక్కన మరో మనిషి ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. హోటల్ ముందు ఆ క్రీము రంగు అంబాసిడర్ ఆగి ఉంది.

"గీయన భద్రు నాయక్. ముప్పై ఏండ్లు ఇదే బండిని ట్యాక్సీ నడిపిండు, మానుకోట నుంచి మరిపెడ దాకా. మనతోటే వస్తుండు" అన్నాడు కిషన్ అన్న. మానుకోటంటే మహబూబాబాదే.

భద్రు చేతులు జోడించాడు. నేను తల ఒకసారి ఊపి, పూరీ మీదికి వంగిపోయాను. నియమం కదా! కిషన్ అన్నకు నియమాలంటే లెక్కలేదు. నా బండెక్కింది మొదలు భద్రు సంగతే చెప్పుకొచ్చాడు. కొడుకు రవి మిర్చి వేస్తాడట. బస్తాలకు చోటు లేదు, షెడ్డులో ఈ బండి కూర్చుంది. తుక్కు కొనేవాళ్లకు ఇచ్చేద్దామంటాడు. తండ్రీకొడుకుల మధ్య చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బండి తయారైనప్పటి రూపంలోనే ఉందని మా సంఘం ఇచ్చే "మూలరూపం" కార్డు వస్తే రవి బండి జోలికి రాడు. రాకపోతే వచ్చే వారం బండి తుక్కులోకి పోతుంది.

"అయితే లప్పం పూయకుండా ఉండాల్సింది" అన్నాను.

"జర బండి చూసినంక అను సేటూ" అన్నాడు కిషన్ అన్న.

మహబూబాబాద్ నుంచి నర్సంపేట, ములుగు, గణపురం మీదుగా భూపాలపల్లికి సుమారు మూడున్నర గంటలు పట్టింది. దారంతా భద్రు బండి ముందు, నా బండి వెనక. కొడుకు రవి కూడా ఆ బండిలోనే, తండ్రి పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నిజం ఒప్పుకోవాలి, ఆ బండి నడక ముచ్చటగా ఉంది. గుంత వస్తే ముందుగానే తెలిసినట్టు పక్కకు ఒరిగేది, పొగ లేదు, దడదడ లేదు. అది చూసినకొద్దీ నాకు కోపం ఇంకా పెరిగింది. ఇంజన్‌ను ఇంత శ్రద్ధగా చూసుకున్నవాడు తలుపుల్ని ఎందుకు పాడుచేశాడు? నర్సంపేటలో ఆగినప్పుడు భద్రు నాకో టీ గ్లాసు తెచ్చిచ్చాడు.

"సేటూ, మీది జనగామ అన్నడు కిషన్ అన్న. మీకో మాట జెప్పాలె, తలుపులు..."

"ఇప్పుడు కాదు, తీర్పయ్యాక" అని ఆపేశాను. టీ మాత్రం తాగాను.

ఒంటిగంట కావస్తుండగా భూపాలపల్లి చేరాం. బొగ్గు లారీల దుమ్ము దాటి మైదానంలోకి వెళ్తే ఇరవై ఐదు బండ్ల దాకా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రవేశం ఉచితం, భోజనం వంద. పప్పు, వంకాయ, పెరుగు ఎంత కావాలంటే అంత. రెండు గంటలకు తీర్పులు మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అధ్యక్షుడుగారు, కిషన్ అన్న, నేను వరసగా నడిచాం. ఒక్కో కార్డు మీద ముగ్గురం సంతకం పెడితేనే చెల్లుతుంది.

భద్రు అంబాసిడర్ దగ్గరికి రాగానే జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీశాను. మా పద్ధతి ఇదే. ఇనుప రేకైతే అంటుకుంటుంది, కింద లప్పం ఉంటే జారిపోతుంది. టాపు మీద పెట్టాను, అంటుకుంది. తలుపు మీద పెట్టాను, జారి నేల మీద పడింది. రెండో తలుపు, మూడో తలుపు, అంతే. చుట్టూ చేరిన జనం నవ్వారు. నేను కూడా గర్వంగా నవ్వాను.

కిషన్ అన్న వేలు మడిచి తలుపు మీద కొట్టాడు. టంగుమంది. "సేటూ, ఆగు. లప్పమైతే చప్పుడు గిట్ల రాదు."

భద్రు నా పక్కకు వచ్చి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు: "లప్పం గాదు సేటూ. ఇత్తడి."

"ఇత్తడా!" అని నేను గట్టిగా నవ్వేశాను. మైదానంలో సగం మంది ఇటు తిరిగారు. రవి కూడా తిరిగాడు. ఇప్పుడే తేల్చేద్దాం అని నా బండి తాళంచెవి తీసి, తలుపు మీద, సరిగ్గా నెమలి మెడ దగ్గర, ఒక్క గీత గీశాను. జడ్జి కదా నేను! భద్రు చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. క్రీము రంగు పెచ్చుగా లేచింది. దాని కింద పచ్చగా మెరిసింది.

నేను వంగి తలుపు తెరిచి లోపలి అంచు చూశాను. ఇత్తడి రేకుకూ ఇనుప చట్రానికీ మధ్య నల్లగా సైకిల్ ట్యూబు ముక్క, అంచు పొడుగునా, రివిటు రివిటుకూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇనుమూ ఇత్తడీ నేరుగా తగిలితే తడి చేరి ఇనుమును తుప్పు తినేస్తుంది. చేసినవాడికి ఆ సంగతి తెలుసు. ఇంకా చూస్తుంటే తీగ వంపు, ఆకు ఈనెలు, నెమలి కన్ను అన్నీ గుర్తొచ్చాయి. ఆ పని చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. జనగామ పక్కనే పెంబర్తి. ఆ ఊరి ఇత్తడి నగిషీని దేశమంతా గుర్తుపడుతుంది, నేను తప్ప. సిగ్గుతో చచ్చిపోయాను.

"పెంబర్తి లింగయ్య చేసిండు" అన్నాడు భద్రు. "వాడు నా దోస్తు. వాని సామానంతా పట్నం షాపులకు కిరాయికి నా బండిలనే పోతుండె. తలుపులు తుప్పు పట్టి రాలిపోతుంటే, ఇనుపపని నాకు రాదురా, వచ్చిన పని జేసిస్త అన్నడు. మూడు నెలలు గూసున్నడు. ఉత్త రేకు ఇయ్య మనసొప్పక నెమలి గూడ వెట్టిండు. పోయినేడు వాడు సచ్చిపోయిండు. వాని చేతిపని నా తాన గిదొక్కటే ఉన్నది."

అప్పుడు గుంపులోంచి ఎవడో అరిచాడు: "అన్నా, నాలుగు తలుపులకు ఎన్ని కిలోలుంటది?" ఫోన్లు పైకి లేచాయి, వీడియోలు తీస్తున్నారు.

రవి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "బాపూ, గిదంత ఇత్తడా? నాకెందుకు జెప్పలే?"

భద్రు వాళ్ల లంబాడీ భాషలో కొడుకుతో ఏదో అన్నాడు, తర్వాత నా వైపు తిరిగాడు. "ఎవ్వలకు జెప్పలేదు సేటూ. గందుకే రంగేసినం. ఇత్తడని తెలిస్తే తలుపులు ఊడవీకి ఎత్తుకపోతరు."

మా అధ్యక్షుడుగారు గొంతు సవరించుకున్నారు. "చాలా బాగుందండీ, కళాత్మకంగా ఉంది. కానీ అసలు రేకు ఇనుము కదా. లప్పమైనా ఇత్తడైనా మూలరూపం కాదు. నియమం నియమమే." కార్డు మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి సంతకం చేసి నా చేతిలో పెట్టారు. పోయినసారి ఇదే మనిషి తన పాత బండిలో ఏసీ బిగించుకుని, తోలు సీట్లు వేయించుకుని వస్తే "సౌకర్యం కోసం చిన్న మార్పు" అని రాసి కప్పు ఇచ్చాం. ఆ కార్డు మీద నా సంతకం కూడా ఉంది.

"ఏం రాసిండ్రు సేటూ?" అని భద్రు అడిగాడు. చదివి చెప్పాను: "మూలరూపం కాదు. కార్డుకు అర్హత లేదు."

అప్పుడు నేను చేసిన గోల ఆ మైదానంలో ఉన్నవాళ్లందరూ విన్నారు. ఏసీ సౌకర్యమైతే ఇత్తడి నేరమెట్లా అయిందని అడిగాను. బజారులో రేకు కొని అతికించిన బండ్లకు మార్కులేసి, మూడు నెలలు సుత్తి పట్టుకుని కూర్చున్న మనిషి పనికి సున్నా వేస్తారా అని అడిగాను. ఇటువంటి తీర్పు మీద సంతకం పెట్టనని కార్డు బానెట్ మీద పడేశాను. కిషన్ అన్న కూడా పెట్టనన్నాడు. అధ్యక్షుడుగారు భుజాలెగరేసి తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఒప్పుకుంటాను, ఒక్క నిమిషం నాకు గొప్పగా అనిపించింది.

భద్రు ఆ కార్డు తీసి నా జేబులో పెట్టాడు. "నువ్వు సంతకం వెట్టకుంటే నాకేమొస్తది సేటూ? వెట్టినా కార్డు రాదు, వెట్టకున్నా రాదు. కొట్లాడి నువ్వు మంచోనివైనవ్. గా గీత నా బండి మీదున్నది."

కోపంగా కూడా అనలేదాయన. బండి వెనక డిక్కీలోంచి ఒక పాత దుప్పటి తీసి, గీత కనపడకుండా తలుపు మీద వేసి, అద్దం పైకి ఎక్కించి బిగించాడు. ఐదు గంటలకు తండ్రీకొడుకులు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. నా ఖర్చుతో రంగు వేయిస్తానని చెప్పడానికి. రవి ఎత్తాడు. "తుక్కోళ్లు ఏడుగురు ఫోన్ జేసిండ్రన్నా. ఇద్దరు కాంటా ఏసుకొని ఇంటి మీదికే వచ్చిండ్రు. నేనైతే బండిని అమ్మనే అమ్మ. లింగయ్య కాక ముచ్చట బాపు జెప్పినంక ఎట్ల అమ్ముత? షెడ్డుకు తాళమేసిన, మిర్చి బయట వోసిన. గాని ఎన్ని దినాలు కావలుండాలె?" రంగు సంగతి చెబితే ఫోన్ తండ్రికిచ్చాడు. "రంగెందుకు సేటూ? అందరికి ఎరుకైనంక ఎవ్వలకు తెల్వకుంట దాసిపెట్టుడు?" అన్నాడు భద్రు.

ఈ మూడేళ్లలో నేను తిరిగిన ప్రతి ఊరికీ దారి, ఖర్చు, తినే చోటు ఈ బ్లాగులో రాశాను. ఇప్పుడు ఆ వీడియోలు చూసి తండా పేరు అడుగుతూ మెసేజీలు వస్తున్నాయి. ఫోటో తీసుకుంటాం అంతే అంటున్నారు. నేనూ చూసిపోదామనే వెళ్లాను కదా. నాలాంటి పెద్దమనుషుల మీద నాకే నమ్మకం పోయింది. మహబూబాబాద్ దాకా దారి చెప్పాను, అక్కడి నుంచి చెప్పను. అడగకండి.

సలహా మాత్రం ఒకటుంది. ఎక్కడైనా పాత బండి చూడ్డానికి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని, ముందు దాని మనిషిని కూర్చోబెట్టి ఒక టీ తాగించండి. పది రూపాయలు. చెప్పాల్సింది ఆయనే చెబుతాడు, మధ్యలో ఆపకండి.