దాహం లేకుండా తాగిన నీళ్లు

ముందే ఒప్పుకుంటాను. నన్ను ఐసీయూకు చేర్చింది నీళ్లు. కలుషితమైనవి కావు, శుభ్రమైన మంచినీళ్లే. నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాడిని. ఇన్నేళ్లుగా ఊరూరా ట్యాంకులకు నీళ్లు ఎక్కించిన ఈ చేతులతోనే నాకు నేను అవసరానికి మించి ఎక్కించుకుని, పొడి రోడ్డు మీద మునిగిపోయాను. అదీ మారథాన్‌కు ప్రాక్టీసు చేస్తూ. ఇంత తెలివితక్కువ పని లోకంలో ఇంకెవరూ చేసి ఉండరని అనుకున్నాను. "మీరు మొదటివారేం కాదు" అని డాక్టరమ్మ ఓదార్చింది. చివరివాడిని కూడా కానేమో అన్న భయంతో రాస్తున్నాను.

ఏదో తేడాగా ఉందని తెలిసింది జూన్‌లో ఒక ఆదివారం. వానలు ఇంకా పడలేదు. సిద్దిపేట నుంచి చంద్లాపూర్ దాకా పరుగెత్తి, రంగనాయక సాగర్ కట్ట ఎక్కాను. ఉంగరం వేలిని కొరుకుతున్నట్టు బిగుసుకుపోయింది. చేతి గడియారం పట్టీ చర్మంలోకి దిగింది. పరుగుతో మనిషి సన్నబడతాడని విన్నాను గానీ ఇలా ఉబ్బుతాడని ఎవరూ చెప్పలేదు. అడుగు వేసినప్పుడల్లా కడుపులో సగం నిండిన బిందె కదిలినట్టు చప్పుడు. తలనొప్పి, వికారం. వీటన్నిటికీ నేను కనిపెట్టిన వైద్యం ఇంకో సీసా నీళ్లు.

అసలు అక్కడిదాకా ఎలా వచ్చానో చెప్పాలి. బీపీ ఉందని తేలాక మాత్ర రాసి, రోజూ నడవమన్నారు. కోమటిచెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. నా బామ్మర్ది శ్రీకాంత్ తన దోస్తులతో అక్కడే పరుగెత్తుతుంటాడు. చంద్లాపూర్ వాడు. ఎవరూ పెట్టకుండానే కోచ్ అయ్యాడు.

"నడిచేది ముసలోళ్లు బావా. నువ్వు ఉరుకు" అన్నాడు.

ఉరికాను. కొన్ని నెలలకు హైదరాబాదులో జరిగే మారథాన్‌కు పేరు ఇవ్వాలని గుంపంతా ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. సైటు తెరుచుకోదు, తెరుచుకుంటే ఓటీపీ రాదు, వచ్చేసరికి సైటు మూసుకుంటుంది. చివరికి నాది తెరుచుకుని ఫుల్లా, హాఫా అని అడిగింది. హోటల్లో ఎన్నడూ హాఫ్ అడిగిన వంశం కాదు మాది. ఫుల్ నొక్కాను.

"బావా! ఫుల్ అంటే నలభై రెండు కిలోమీటర్లు!" అన్నాడు శ్రీకాంత్.

"మరి హాఫ్?"

"ఇరవై ఒకటి."

"రెండింటికి టీషర్ట్ ఒక్కటేనా?"

"ఒక్కటే."

అప్పుడు తెలిసింది నేను మోసపోయానని. కానీ అప్పటికే వాడు నా పేరు పక్కన 'ఫుల్' అని రాసి చుట్టపక్కాలందరికీ ఫోన్‌లో పంపేశాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు, ముందుకు పరుగెత్తే దారే మిగిలింది.

కోచ్ గారు పెట్టిన నియమం ఒకటే. "దాహమైనంక తాగితే లేటు బావా. దాహం గాకముందే తాగాలె." మాట వినే శిష్యుణ్ణి కాబట్టి ఫోన్‌లో గంట పెట్టుకున్నాను. గంట మోగితే గుటక. నా సొంత తెలివి కూడా కొంత కలిపాను. బీపీకి మంచిదని ఉప్పు దాదాపు మానేశాను. ఇంట్లో నా కోసం వండిన కూర తిన్నాక మా అవ్వ, అంటే అమ్మ, "గిది దవాఖాన కూరనా?" అంది. అప్పటికి తమాషాగానే ఉంది.

ఆ పైన మా దిక్కు అలవాటు. ఇక్కడ మనిషి ఇంటి ముందుకు వస్తే మొదట నీళ్లిస్తారు, తర్వాత ఎవరని అడుగుతారు. బిందెడు నీళ్ల కోసం ఎండాకాలాలన్నీ తిరిగిన ఊళ్లు. ఇప్పుడు పక్కనే సాగర్ నిండి కనిపిస్తుంటే ఇవ్వడంలో వాళ్లకు ఇంకా సంతోషం. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆ రోడ్డు మీద ప్రతి రెండో ఇంటి మోటారు నా చేతి కింద నుంచి పోయిందే.

"ఓ మోటరు రమేశన్నా! ఏడికి ఉరుకుతున్నవే? బండి ఖరాబైందా?"

"లేదే, మారథాన్‌కు!"

"గది ఏ మండలం?"

"ఊరు గాదే..."

"ముందుగాలైతే నీళ్లు దాగు, తర్వాత చెప్దువు."

ఇలా ప్రతి ఊరి మొదట్లో, చివర్లో. ఆ రోజు అత్తగారింటి ముందు నుంచి తప్పించుకుపోదామని చూశాను. అత్తమ్మ గడపలోనే ఉంది.

"అల్లుడా! ఎవరన్న ఎంటవడ్డరా? గట్ల ఉరికొస్తున్నవ్?"

ఎవరూ వెంటపడలేదని నమ్మించడానికి ఒక చెంబు, పోతూ పోతూ ఇంకో చెంబు తాగాల్సి వచ్చింది. అల్లుడికి రెండోసారి పోయకుండా పంపితే ఆమెకు నిద్రపట్టదు.

ఇక కట్ట మీద జరిగింది నాకు తెలిసింది సగమే. మిగతాది వాళ్లు చెప్పారు. రోడ్డు నీళ్లలా కదులుతోంది, నీళ్లు రోడ్డులా నిలకడగా ఉన్నాయి. ఏది తొక్కాలో తేలలేదు. ఆగిపోయి, పక్కనే పరుగెత్తుతున్న శ్రీకాంత్‌తో "మోటరు బంద్ చెయ్, ట్యాంకు పొర్లుతుంది" అన్నానట. వాడు నవ్వాడు. మళ్లీ అదే మాట అన్నాను. అప్పుడు నవ్వలేదు. నేను వాంతి చేసుకుని కూలబడ్డాను. కట్ట మీదికి షికారుకు వచ్చినవాళ్లంతా చుట్టూ చేరి, ఎండదెబ్బ అని తేల్చి, నెత్తిన ఇన్ని నీళ్లు పోసి, నోట్లో గ్లూకోజు నీళ్లు పోశారు. అంతమంది మంచివాళ్ల మధ్య నేను బతికి బయటపడడం నిజంగా అదృష్టమే.

ఆటోలో ఫిట్స్ వచ్చింది. సిద్దిపేటలో దవాఖానకు చేర్చేసరికి స్వరూప, అంటే నా భార్య, అక్కడికి వచ్చేసింది. నేను తడబడుతూ ఏదేదో మాట్లాడుతున్నాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగింది, "తాగిండా?"

"మస్తు తాగిండు మేడం. నేనే తాగించిన" అన్నాడు శ్రీకాంత్ గర్వంగా.

"పొద్దున్నేనా?"

"తెల్లారకముందు సంది మేడం."

స్వరూప ముందుకొచ్చింది. "నీళ్లు మేడం, నీళ్లు! మా ఆయన కల్లు గూడ ముట్టడు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగిందట. "నీళ్లా? ఎన్ని నీళ్లు? ఏం మాత్రలు వాడతారు?" స్వరూప సంచిలోంచి నా బీపీ మాత్రల పట్టీ తీసి చూపించింది.

మెదడుకు సీటీ స్కాన్ తీశారు, నార్మల్ అన్నారు. నా మెదడు గురించి ఆ మాట ఎవరైనా అనడం అదే మొదటిసారి. రక్త పరీక్షలో దొరికింది. సోడియం నూట పద్దెనిమిది. నూట ముప్పై ఐదన్నా ఉండాలట.

"హైపోనాట్రీమియా" అంది డాక్టరమ్మ. "ఎండదెబ్బ కాదు. నీళ్లు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడింది. దాంతో మెదడు వాస్తుంది. ఈ బీపీ మాత్రలో డయూరెటిక్ ఉంది, అది మూత్రంతో పాటు ఉప్పును బయటకు పంపుతుంది. ఆయనేమో ఉప్పు తినడం మానేశాడు. అన్నీ ఒకే దిక్కు లాగాయి."

త్రీ పర్సెంట్ సెలైన్, అంటే గాఢమైన ఉప్పునీళ్లు, కొద్దికొద్దిగా ఎక్కించారు. తొందరగా పెంచితే మెదడుకు ఇంకో రకం దెబ్బట, అందుకే గంటలు గడిచేకొద్దీ రక్తం తీసి చూస్తూనే ఉన్నారు. నీళ్లు దాదాపు బంద్. ఆ రెండు రోజులు నేను ఐసీయూను గ్రామ పంచాయతీ ఆఫీసు అనుకున్నాను. స్వరూపను చూసి, "సర్పంచ్ సాబ్, ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు పెట్టిస్తరు?" అని అడిగానట.

"రేపే పెట్టిస్త. పండుకో" అందట ఆమె. బయటకు వెళ్లి ఏడ్చిందన్న సంగతి చాలా రోజుల తర్వాత తెలిసింది.

సోడియం మెల్లగా ఎక్కింది, నన్ను వార్డుకు మార్చారు. స్వరూప పేరు స్వరూప అని గుర్తొచ్చింది. అంతా సర్దుకుందనుకున్న రోజున సోడియం మళ్లీ దిగింది. డాక్టరమ్మకు అంతుపట్టలేదు. సెలైన్ సీసాలు చూసింది, నర్సులను అడిగింది. చివరికి మా అవ్వ వైపు చూసింది. అవ్వ కొంగు కింద స్టీలు గ్లాసు.

"అమ్మా, నీళ్లు ఇచ్చారా?"

"ఇచ్చిన. నోరు ఎండుకపోయి నాలుక పిడచగట్టింది నా కొడుకుకు. గొడ్డుకు గూడ నీళ్లు పెడ్తం మేము. నీళ్లియ్యద్దనే డాక్టరు ఏడన్న ఉంటదా బిడ్డా?"

డాక్టరమ్మ కోప్పడలేదు. స్టూలు లాక్కుని అవ్వ ముందు కూర్చుంది. "పప్పులో నీళ్లు ఎక్కువైతే ఏం చేస్తవమ్మా?"

"మరుగవెడ్త. నీళ్లు ఇనికిపోతయి."

"ఇప్పుడు నీ కొడుకు పొయ్యి మీద ఉన్నడు."

అవ్వ కొంగు కింద నుంచి గ్లాసు తీసి, పక్క మంచం వాళ్లకు ఇచ్చేసింది. ఆ తర్వాత నాకు కాపలా ఆమే. నర్సు మాత్రతో పాటు ఇచ్చే గుటక నీళ్లకు కూడా "గంతెందుకు?" అని తగాదా.

డిశ్చార్జ్ అయ్యాను. అసలు భయం ఇంటికి వచ్చాక మొదలైంది. షాపు తెరిచి, ఒక సింగిల్ ఫేజ్ మోటారు ముందు కూర్చున్నాను. ఇలాంటి మోటారులో రెండు చుట్టలు ఉంటాయి: స్టార్టింగ్ కాయిల్, రన్నింగ్ కాయిల్. తీగల కొసలు బయటకు తీశాను. ఏది దేనిదో తెలియలేదు. కళ్లు మూసుకుని చేసే పని. కళ్లు తెరిచినా రాలేదు. ఏదో ఒకటి కలిపి కరెంటు ఇచ్చాను. గుయ్‌మంది, తిరగలేదు. నా సంగతీ అంతేగా అనుకున్నాను: చప్పుడు వస్తోంది, పని జరగడం లేదు. మోటారు తెచ్చిన రైతు మర్యాదస్తుడు. "తొందరేం లేదన్నా, రేపు ఇయ్యి" అన్నాడు. రేపటికి కూడా రాలేదు.

రన్నింగ్ పోతే పోయింది, రన్నింగ్ కాయిల్ కూడా పోతే ఇల్లు ఎలా నడుస్తుంది? రాత్రి స్వరూపతో ఆ మాట అనబోయి నీళ్లు నమిలాను. నీళ్లు నమలడానికి కూడా ఇప్పుడు పర్మిషన్ కావాలి. ఆమే అంది, "యాదికొస్తలేదు గదా? నాకు ఎర్కే. షాపుల కూసుంటవు, చేతులు ఊకె ఉంటయి."

చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగాను, ఇది తిరిగి వస్తుందా అని. "రావాలి. సోడియం బాగుంది. కొందరికి వారాలు పడుతుంది. మెదడును తొందరపెట్టకండి" అంది. వచ్చి తీరుతుంది అనలేదు. 'రావాలి' అన్న మాట పట్టుకుని దారంతా అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాను. హామీనా, కోరికనా అర్థం కాలేదు.

వారాలు పట్టింది. పాత మోటార్లు విప్పి, చూసి, మళ్లీ బిగించేవాడిని. కొన్ని రోజులు అన్నీ తెలిసినట్టుండేది, సాయంత్రానికి చెదిరేది. ఒక మధ్యాహ్నం అవ్వ ఫోన్ చేసి చింతపండు తెమ్మని చెబుతుంటే, వింటూనే తీగలు కలిపాను. స్విచ్ వేస్తే తిరిగింది. ఆ మోటారును ఊరికే, నీళ్లు లేకుండా, కాసేపు తిప్పుతూ కూర్చున్నాను. చింతపండు మరిచిపోయాను. ఆ మరుపుకు మాత్రం ఇంట్లో ఎవరూ భయపడలేదు.

ఆ ఏడు మారథాన్‌కు వెళ్లలేదు. టీషర్ట్ పోస్టులో వచ్చింది, వేసుకుని షాపుకు వెళ్లాను. ఇప్పుడు బీపీ మాత్ర మారింది. కూరలో ఉప్పు తిరిగొచ్చింది, డాక్టరమ్మ చెప్పినంతే. ఆమె సరేనన్నాకే మళ్లీ పరుగు మొదలుపెట్టాను, తక్కువ దూరం, నిదానంగా. వచ్చే పోటీకి హాఫ్ నొక్కాను. దారిలో చెంబులు ఎదురొస్తే "వచ్చేటప్పుడు తాగుత" అంటాను, వచ్చేటప్పుడు వేరే దారిలో వస్తాను.

పరుగెత్తే మీకు ఒక్క మాట: దాహమైతేనే తాగండి, తీరగానే ఆపండి. మీతో వచ్చినవాడు ఎప్పుడైనా తికమకగా మాట్లాడితే ఇంకా తాగించకుండా దవాఖానకు తీసుకెళ్లండి. ఎన్ని నీళ్లు తాగాడో, ఏ మాత్రలు వేసుకుంటాడో అడక్కముందే చెప్పండి. స్వరూప చెప్పకపోయి ఉంటే నన్ను తాగుబోతుగానే పడుకోబెట్టేవారేమో.

ఇక శ్రీకాంత్ సంగతి. నేను కోలుకున్నాక వాడు ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో నా సర్పంచ్ సీను నటించి చూపించడం మొదలుపెట్టాడు. కట్ట మీద నేను తూలిన నడకతో సహా. జనం పడిపడి నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని, ఏం చేయను?

మొన్న వాడి కొత్త ఇంటి గృహప్రవేశం. ముందు రోజే బోరు మోటారు కాలింది. షాపులో వైండింగ్ చేసి, పరీక్షించి, తెల్లవారి చంద్లాపూర్ తీసుకెళ్లాను. ట్యాంకులో చుక్క లేదు, చుట్టాలు దిగుతున్నారు. మోటారును బోరులోకి దించి, తీగల కొసలు చేతిలో పట్టుకుని స్టార్టర్ డబ్బా ముందు నిలబడ్డాను. వాడు నా భుజం మీద నుంచి తొంగిచూస్తున్నాడు.

"అయిపోయిందా బావా?"

తీగలను చూశాను. వాడిని చూశాను. చాలాసేపు చూశాను.

"మీరెవరు?" అని అడిగాను.

వాడి మొహంలో రక్తం లేదు. "బావా... నేను బావా... శ్రీకాంత్!"

"ఏ శ్రీకాంత్?"

"అక్కా!" అని కేక పెట్టి ఉరికాడు. కంకర మీద, వట్టి కాళ్లతో, పట్టు పంచె ఎగ్గట్టుకుని. కోచ్ అంత వేగంగా పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. వాడు స్వరూపను చెయ్యి పట్టి లాక్కొచ్చేసరికి తీగలు బిగించి స్విచ్ వేశాను. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు.

స్వరూప నా మొహం ఒక్కసారి చూసింది. తమ్ముడి వైపు తిరిగి, "పో, చెప్పులేసుకొని రా" అంది.