కదలని గోడ

అమ్మను కొడుతుండగానే మా నాన్నకు గుండెపోటు వచ్చింది. చేతిలో బెల్టు, దెబ్బకో బూతు. ఆరో దెబ్బకో ఏడో దెబ్బకో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా గోడకు జారబడ్డాడు. అమ్మ ముక్కులోంచి కారుతున్న రక్తాన్ని కొంగుతో తుడుచుకుంటూనే ఆయన్ని రిక్షాలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఎందుకు తీసుకెళ్ళావని అమ్మ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో చదువుతున్నాను. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే.

మేముండే తమిళ ఊళ్ళో, తట్టాంచావడి అనే పేటలో నాన్నకు ఇనుప గేట్లు చేసే షెడ్డు ఉండేది. పగలంతా సమ్మెటతో ఇనుమును కొట్టేవాడు, సాయంత్రం మమ్మల్ని. నా వీపు మీద బకిల్ గుర్తు ఇప్పటికీ ఉంది. సాంబారులో ఉప్పెక్కువైందని ఒకసారి అమ్మ ఎడమ మణికట్టు విరిచాడు. అది వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఎప్పుడు అన్నం వార్చినా గిన్నె ఒక పక్కకు ఒరిగేది.

ఆసుపత్రికి ఎకో మెషీన్ కొత్తగా వచ్చిన రోజులవి. డాక్టరు నాన్న ఛాతీ మీద జిగురులాంటిదేదో పూసి, చేతిలోని పరికరాన్ని పక్కటెముకల మధ్య అదిమి, తెర చూపించాడు. బూడిదరంగు గుండె పిడికిలిలా ముడుచుకుంటోంది, విప్పుకుంటోంది. ముందువైపు గోడ మాత్రం ఉలకదు, పలకదు. ఆ కండ చచ్చిపోయిందో, ఊరికే సొమ్మసిల్లిందో రెండు నెలల తర్వాత మళ్ళీ తీస్తేగానీ తెలియదని డాక్టరు తమిళంలో చెప్పాడు. అంతవరకూ సమ్మెట పట్టకూడదు, కోపం తెచ్చుకోకూడదు. నాకు లోపల సంతోషం వేసింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ వేసింది.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎవరూ దెబ్బలు తినలేదు. నాన్నకు చావంటే అంత భయమని మాకప్పటిదాకా తెలియదు. ఒకరోజు అన్నం కంచం గోడకేసి కొట్టి, ఆ ఊపుకే హడలిపోయి, ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ ఒంటి మీది కమిలిన మచ్చలు పసుపుపచ్చగా మారి మాయమయ్యాయి. మచ్చల్లేని అమ్మను నేను చూడటం అదే మొదలు.

రెండోసారి ఎకో తీసిన రోజు ఆ డాక్టరు సెలవులో ఉన్నాడు. తీసినాయన ఏమీ చెప్పలేదు. మర్నాడు రిపోర్టు తేవడానికి నేనే వెళ్ళాను. గోడ కదులుతోంది, కండ బాగా కోలుకుంది అని ఉంది. ఆసుపత్రి మెట్ల మీదే ఇంకోసారి చదివాను.

నాన్న గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "ఏం రాసుండారు మే?"

"ఆ కండ చచ్చిపోయింది నైనా. ఇంక కదలదంట."

"సమ్మెట?"

"పట్టకూడదంట. అరవనూ కూడదంట. చెయ్యెత్తి ఎవురినన్నా కొడితే ఆ గోడ చినిగిపోతాదంట."

చివరిది పూర్తిగా నా కల్పన. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి అడిగే ధైర్యం ఆయన చెయ్యలేదు.

నెల తిరక్కుండా షెడ్డు అమ్మేశాడు. సమ్మెటను ఇంటికి తెచ్చి, మంచం కింద పెట్టుకుని, అటు తిరిగి పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను చావబాదిన మనిషే, అయినా నాకు జాలేసింది. వంటింట్లోకి వెళ్ళి, దాచిన రిపోర్టు తీసి అమ్మ ముందు పెట్టాను.

"నైనకు బాగైపోయింది మా. నేనే అబద్ధం చెప్పినా. ఏడస్తా ఉండాడు, చెప్పేసేదా?"

అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. ఆ వంకర చేత్తోనే దాన్ని మడిచి పొయ్యిలోకి తోసింది.

"ఏడవనీ," అంది. "ఇన్నేండ్లు నేను ఏడవలా?"

కాగితం పూర్తిగా కాలేదాకా కదల్లేదు. తర్వాత అదే పొయ్యి మీద కాఫీ పెట్టి, గ్లాసులో పోసి ఆయనకు తీసుకెళ్ళింది.