మా అత్తగారు దీపం మానేసిన రోజు

నిరుడు వేసవిలో రేపల్లె నుంచి వచ్చి తెనాలిలో మా దగ్గరే ఉంటున్న అత్తగారు ఒకరోజు, "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, దీపం నువ్వు పెట్టమ్మా" అన్నారు. జ్వరంలోనూ పూజ మానని మనిషి. మర్నాడూ పూజగది గడప తొక్కలేదు. మేడ మెట్లు మాత్రం చకచకా ఎక్కారు. నాకు అనుమానం వచ్చింది.

వంటింట్లో మెల్లగా అడిగాను. "అత్తయ్యా, మీరు గానీ బయట ఉన్నారా?"

ఆవిడ తల దించుకున్నారు. "నెలసరి ఆగిపోయి పదేళ్లయింది. మళ్లీ కనబడుతోంది. ఈ వయసులో ఎవరితో చెప్పుకోనమ్మా?"

ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లాను. స్కానింగులో అండాశయంలో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసి పరీక్షకు పంపితే అరుదైన క్యాన్సర్ అని తేలింది. ఆ గడ్డలో తయారైన హార్మోన్ వల్లే రక్తస్రావమట. అదృష్టం కొద్దీ ఎక్కడికీ పాకలేదు.

"కడుపునొప్పి కూడా లేదంటున్నారు. ఇంత తొందరగా ఎలా కనిపెట్టారమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

"దీపం పెట్టలేదండి" అన్నాను.

ఆ మైల పట్టింపుల మీద ఆవిడతో ఎప్పుడూ వాదించేదాన్ని. ఇప్పటికీ వాదిస్తాను. కానీ పొద్దున్నే పూజగదిలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడితే గాని నాకు కాఫీ గొంతు దిగదు.

— ఓ కోడలు, తెనాలి