లోవమ్మ బదులు

నర్సీపట్నం శివారులో ఉన్న జీడిపిక్కల షెడ్డులో లోవమ్మ పనికి కుదిరి తొమ్మిదేళ్లవుతోంది. అంతకుముందు కృష్ణదేవిపేట దగ్గర పల్లెలో ఉండేది. మొగుడు సూరన్న చెరుకు లారీ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక, చంకలో పిల్లతో, మొగుణ్ణి షేర్ ఆటోలో పడుకోబెట్టి పట్నం వచ్చేసింది. ఇప్పుడతను కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తాడు, అంతే.

షెడ్డులో కూర్చుని పిక్కలు కొట్టే పనే. కానీ పిక్క పగిలినప్పుడల్లా చమురు చిమ్ముతుంది. అది తగిలినచోట చర్మం నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. బూడిద పూసుకుంటే కొంత నయం. లోవమ్మ పిల్లల్ని ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. కూతురు పుష్పవతి ఏడో తరగతి. దానికి బళ్లో మధ్యాహ్నం భోజనం దొరికేది. ఇంట్లో తండ్రికీ, నాలుగేళ్ల తమ్ముడు బుల్లిబాబుకీ పొద్దుటి గంజే.

మొన్న వానల్లో లోవమ్మకి మలేరియా పట్టుకుంది. పని ఆగింది, పొయ్యి ఆరిపోయింది. ఒక పొద్దున పుష్పవతి యూనిఫాం విప్పి పాత గౌను వేసుకుంది.

"ఏటే, బడికెల్లవా?"

"నీ బదులు నానెల్తానమ్మా. మత్స్యరాజు గారు రమ్మన్నారు."

షెడ్డు చూసుకునేది మత్స్యరాజే. లోవమ్మ వద్దనబోయింది. పక్కన బుల్లిబాబు ఖాళీ గిన్నె గీకుతున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం పుష్పవతి గుడ్లు తెచ్చింది. తనే వండి అందరికీ వడ్డించి, "నువ్వూ తిను, నీరసం పోద్ది" అంది పెద్దదానిలా.

జ్వరం తగ్గినా లోవమ్మ లేవలేదు. ఇంకొన్నాళ్లు, ఓపిక కూడదీసుకున్నాక వెళ్దాం అనుకుంది. పెళ్లయ్యాక పొద్దెక్కేదాకా పడుకోవడం ఆమెకి అదే మొదలు. తప్పని తెలుసు. హాయిగా ఉందనీ తెలుసు. అలాగే దసరా సెలవులు కూడా వచ్చి వెళ్లిపోయాయి.

ఒకరోజు అన్నం దగ్గర పుష్పవతి చెంచాతో తింటోంది.

"సెయ్యి సూపించు."

"ఏటీ నేదమ్మా. పచ్చడి మండతంది."

లోవమ్మ ఆ చెయ్యి లాక్కుని చూసింది. వేళ్ల కొనలు నల్లబడి, ఊడినచోట పచ్చిగా ఎర్రగా ఉన్నాయి. ఎలా కాపాడుకోవాలో దానికి షెడ్డులో ఎవరూ చెప్పలేదు. తనూ చెప్పలేదు.

మర్నాడు పిల్లని బడి గేటుదాకా తీసుకెళ్లింది. పుష్పవతి లోపలికి కదల్లేదు.

"నువ్వు మళ్లీ పడిపోతే తమ్ముడికి కూడెవులు పెడతారు?"

"పడిపోన్లే. బేగి ఎల్లు, గంట కొట్టేత్తారు."

షెడ్డులో మత్స్యరాజు అన్నాడు: "గుంట సేతులు బాగా ఆడతన్నాయి లోవమ్మా. ఇద్దరూ వత్తే ఏటి?"

"అది రాదండి," అని లోవమ్మ పీట లాక్కుని కూర్చుంది. వేళ్లకి బూడిద పూసుకుంది. చీకటిపడేసరికి ఇదివరకు రోజూ కొట్టేదాంట్లో సగం కూడా కాలేదు.

పుష్పవతి బడికి వెళ్తోంది. పోయిన పాఠాలు ఇంకా అందలేదు. తల్లితో సరిగా మాట్లాడదు. గుడ్లు లేవేమని బుల్లిబాబు అక్కనే అడుగుతాడు. ఆదివారాలు మాత్రం ఆ పిల్ల చెప్పకుండా లేచి తల్లి వెనక షెడ్డుకి నడుస్తుంది. మొదట్లో లోవమ్మ కేకలేసి వెనక్కి పంపేది. ఇప్పుడు అంత ఓపిక లేదు. పక్కనే చోటిస్తుంది. పొద్దు నడినెత్తికి రాగానే, "సాల్లే, ఇంటికి పో" అంటుంది. పుష్పవతి ఒక్కోసారి వెళ్తుంది, ఒక్కోసారి వెళ్లదు.