ఎడమ పక్క బిగువు

పుటుక్కున పోగు తెగింది. సదానందం నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ వెనకే ఆపేశాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, మగ్గం మీదికి వంగి, తెగిన రెండు కొసల్నీ వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు. ముడి వేసి, మిగిలిన తోకను తెంపి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"కానియ్," అన్నాడు.

పక్కన కూర్చున్న భార్య అనసూర్య, నూలు చుట్టిన కండె ఉన్న నాడెను అతనివైపు విసిరింది.

కొత్తవాడలో వాళ్ళది గుంట మగ్గం. కాళ్ళు గుంటలోకి దించి, గట్టు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఎడమ పక్కన అతను, కుడి పక్కన ఆమె. వెడల్పాటి జంపఖానా ఒక్కరి చేతుల మీద అయ్యేది కాదు. అతను విసిరిన నాడె పడుగు పోగుల మధ్యగా దూసుకొస్తే ఆమె అందుకోవాలి, ఆమె విసిరింది అతను అందుకోవాలి. అడ్డంగా పేక పోగు పడ్డాక, దాన్ని బిగించే పన్నెను ఇద్దరూ ఒక్కసారే తమవైపు గుంజాలి. పెళ్ళయిన కొత్తలో ఈ పని ఆమెకు అతనే నేర్పాడు. నేర్పిన నాటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు.

మొన్న ఎండాకాలంలో ఆమె ఒక రంగుకు బదులు మరో రంగు నాడె అందించిందని, చేతిలో ఉన్నదాన్ని ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. విసరాల్సిన దారిలోనే విసిరానని తర్వాత అడిగినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నిజమే. కానీ అవతలి చెయ్యి అందుకోవడానికి సిద్ధంగా లేదు. అనసూర్య బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఆ సాయంత్రమే ఆమె హసన్‌పర్తిలో కూతురు దీప ఇంటికి వెళ్ళిపోయింది.

మగ్గం ఆగింది. ఆ రోజుల్లోనే తల తిరిగి పడబోయి అతను దవాఖానకు వెళ్ళాడు. బీపీ చూసిన డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"గోలీలతోనే అయ్యేది కాదు కాకా ఇది. నిన్ను ఒక్కదినంల మారమంటలేను. చిన్న చిన్న అలవాట్లు చేస్కో. కోపం వచ్చినప్పుడు నోటికన్న ముందు చేతికి పని చెప్పు."

ఆ మాట అతనికి బాగా పట్టింది. చేతికి పని చెప్పడం తనకు తెలియనిదా? తెగిన పోగుకు ముడి పడేదాకా నోరు తెరవకూడదని నియమం పెట్టుకున్నాడు. దానికి తోడు మరికొన్ని. పొద్దున లేవగానే కూర్చుని చెంబెడు నీళ్ళు తాగడం. చాయ్‌కి ముందు వాడ చివరిదాకా నడిచి రావడం. మగ్గం మీద ఉన్నంతసేపూ ఫోను గూట్లో పెట్టేయడం. వింతగా అవన్నీ నిలిచాయి. ఆ సంగతి తెలిసి అనసూర్య తిరిగి వచ్చింది. వస్తూనే ఒక మాట చెప్పింది.

"మారినవని దీప చెప్పింది. అందుకే వచ్చిన. ఇంకొక్కపారి భయపడుకుంట ఈ మగ్గం మీద మాత్రం కూసోను."

అప్పటి నుంచి అతను ఒక్కసారి కూడా అరవలేదు. వాడంతా ఆ ముచ్చటే. ఎదురింటి సమ్మమ్మ కండెలు చుట్టుకుంటూ వాళ్ళ గడపలో కూర్చుని రోజూ ఎత్తిపొడుస్తుంది. ఇవాళ కూడా అంది.

"ఏం సదానందం, మౌనస్వామివైతివి! నీ ఒర్రుడు లేక మాకు పొద్దుగాల మెలకువ వస్తలేదు. అలారం కొనుక్కోవాలె ఇగ."

సదానందం నవ్వాడు. అనసూర్య నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం అతను గమనించాడు. కొన్నాళ్ళుగా గమనిస్తూనే ఉన్నాడు.

ఇవాళ ఆదివారం. పక్క సందులో ఉండే భవాని హన్మకొండలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ ఇంకొక మనిషి కావాలట. సోమవారం నుంచి రమ్మని ఈ వారం మొదట్లో అనసూర్యను అడిగింది. "ఆదివారం సందెకు చెప్తా" అంది అనసూర్య, అతని ముందే. ఏం చెప్తావని ఆ రాత్రి అతను అడిగితే, "అది నా ఇష్టం. నిన్ను అడిగి చెప్పేది లేదు" అని అటు తిరిగి పడుకుంది.

ఆమె వెళ్ళిపోతే జంపఖానా పని లేదు. తువ్వాళ్ళో, కూర్చునే చిన్న పట్టాలో ఒక్కడూ నేసుకోవచ్చు. కానీ ఈ వయసులో, ఆ ఖాళీ గట్టు పక్కన రోజంతా ఒక్కడే కూర్చోవడం అతను తలుచుకోలేకపోతున్నాడు. సందె పడేలోగా ఏ తప్పూ జరగకూడదు. పొద్దుటి నుంచీ అతని పని అదే.

గూట్లో ఫోను మోగింది. సదానందం చటుక్కున లేచి, దాన్ని తీసుకుని వాకిట్లోకి నడిచాడు. బుధవారం నుంచీ ఈ ఒక్క నియమం చెడింది. ఆ సంగతి అనసూర్య అడగలేదు, అతను చెప్పలేదు.

అవతల ఓంకార్. వరంగల్ చౌరస్తాలో పరుపుల దుకాణం, ఈ జంపఖానా ఆర్డరు అతనిదే.

"కాకా, ఎంత దాక వచ్చింది? మంగళవారం ఫంక్షన్ హాలోళ్ళు వచ్చి కూసుంటరు."

"అయితది ఓంకారూ."

"అయితది అయితది అంటవు. మిషన్ మీదైతే పొద్దుగాల ఏసి మాపటికి కట్ట కట్టి పంపిస్తరు. అందుకే కదా చెప్పిన, ఇగ ఇదే ఆఖరుదని. మల్ల మనసుల పెట్టుకోకు."

"లేదు," అన్నాడు సదానందం.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. దవడలు బిగుసుకున్నాయి. నోరు మాత్రం తెరవలేదు. నాడె విసిరాడు, పన్నె గుంజాడు. విసిరాడు, గుంజాడు. మధ్యాహ్నం దాటేవరకూ మగ్గం అలాగే ఆడింది. గడపలో సమ్మమ్మ కునికిపాట్లు పడుతోంది.

ఎర్రపట్టీ మొదలుపెట్టాల్సిన చోటు వచ్చింది. అలవాటు ప్రకారం అతను కొలతపుల్ల తీసి, కిందటి ఎర్రపట్టీ నుంచి ఇక్కడిదాకా పెట్టి చూశాడు. తన పక్కన చూశాడు, ఆమె పక్కన చూశాడు. మళ్ళీ తన పక్కకు వచ్చాడు. తేడా రెండు వేళ్ళ మందం ఉంది. కళ్ళతో చూసినా తెలుస్తోంది. నీలం చారలు కుడివైపు ఎగువకు లేచి, ఎడమవైపుకు జారినట్టున్నాయి. ఈ వంకరతో పట్టీ వేస్తే నేల మీద పరిచిన రోజే ఊరంతా చూస్తుంది.

రక్తం తలకెక్కింది. తెగిన పోగేదీ లేదు, ముడి వేయడానికి. అయినా అరవలేదు. గొంతు చాలా తగ్గించి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు.

"చెయ్యి గుంజుతలేవు నువ్వు. నీ పక్క వదులైంది. మనసు ఈడుంటే కద? అది అప్పుడే చీరల దుకాణంల కూసున్నది."

అనసూర్య అతనివైపు చూసింది. నాడెను మెల్లగా గట్టు మీద పెట్టింది. గుంటలోంచి కాళ్ళు తీసి, లేచి, ముందున్న దుంగకు చుట్టిన బట్టను కొంత వదులు చేసి బయటికి లాగింది.

"ఇటు రా. ఇది మనం మొదలు నేసింది. చెయ్యి పెట్టు."

పెట్టాడు. మందంగా, చెయ్యి కొద్దిగా దిగేలా ఉంది. జంపఖానా అలాగే ఉండాలి.

"ఇప్పుడు ఇది, నా పక్క."

అదీ అలాగే ఉంది.

"ఇప్పుడు నీ పక్క చూడు."

అతని అరచేయి చెక్క మీద ఆగినట్టు ఆగింది. వేలితో నొక్కాడు. దిగలేదు. పేక పోగులు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ రాయిలా బిగిశాయి. చేతిని అలాగే వెనక్కి జరుపుకుంటూ పోయాడు. ఆ బిగువు ఎక్కడ మొదలైందో అతనికి చేతికింద తెలిసింది. నీలం రంగు ఎత్తుకున్నది బుధవారం, ఫోను వచ్చిన తర్వాత.

"నోటికి తాళమేసినవ్, మంచిదే," అంది అనసూర్య. "చేతికి ఎవరేస్తరు? ఒర్రినప్పుడు తెలుస్తుండె. ఒర్రి ఊకుంటుండె, నేను తిట్టుకుంట పని చేస్తుంటి. ఇప్పుడు నువ్వు ముడి ఏసేటప్పుడల్ల నేను ఊపిరి బిగబడ్తాన్న. పొద్దుందాక నాడె వచ్చినప్పుడల్ల బొటనేలు లోపలికి ముడుస్తాన్న. ఎన్నడన్న చూసినవా?"

చూడలేదు. తను అరవకపోవడాన్నే రోజంతా చూసుకుంటున్నాడు. ఇప్పుడు చూశాడు. మాట్లాడుతున్నప్పుడు కూడా ఆమె బొటనవేలు పిడికిట్లోనే ఉంది.

వాకిట్లో నీడ అవతలి గోడ దాకా సాగింది. భవాని వచ్చే వేళవుతోంది. ఓంకార్ సంగతి చెబితే, ఇక్కడ పని లేదని అనసూర్య రేపే బయల్దేరుతుంది. చెప్పకపోతే ఈ చెక్కలాంటి బట్టను చూసి బయల్దేరుతుంది. సదానందానికి ఏ వైపూ దారి కనిపించలేదు. డాక్టరమ్మ చెప్పిన దాంట్లో నోరు మూసుకోవడం వరకే అతను నేర్చుకున్నాడు. తెరిచినప్పుడు ఏం చెయ్యాలో ఆమె చెప్పిందో లేదో గుర్తు లేదు.

"ఓంకార్ ఇదే ఆఖరుదన్నడు," అన్నాడు చివరికి. "ఇగ మిషన్‌వే తీస్కుంటడంట."

"ఎప్పుడన్నడు?"

"బుధవారం."

అనసూర్య అరిచింది. అతని జీవితంలో ఆమె అంత గట్టిగా అరవడం ఎన్నడూ వినలేదు.

"బుధవారం! బుధవారం కెళ్ళి కడుపుల పెట్టుకొని నా పక్కకు కూసుంటాన్నవా? నేనెవర్నయ్యా నీకు? కైకిలిదాన్నా? ఈ మగ్గం నీ ఒక్కనిదేనా? నా గోరు పొయ్యింది దీని మీదనే కద!"

గడపలో సమ్మమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఓ పోచమ్మ తల్లీ, ఇప్పుడు ఈమె మొదలువెట్టిందా!" అని కండెల బుట్ట ఎత్తుకుని తన ఇంటివైపు నడిచింది.

అతనికి చెవులు వేడెక్కాయి. తిరిగి అరవడానికి మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. మగ్గం గట్టును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"భయమైంది," అన్నాడు. "చెప్తే నువ్వు పోతవని భయమైంది."

అనసూర్య కొంగుతో ముఖం తుడుచుకుంది. కూజాలోంచి నీళ్ళు వంచుకుని తాగింది. అతనికి ఇవ్వలేదు. కూజా మూత పెట్టి అడిగింది.

"నేతగాళ్ళ సంఘంల సాంబయ్యను అడిగినవా, వేరే ఆర్డర్లు ఏమన్న ఉన్నయా అని?"

"లేదు."

"ఓంకార్ ఒక్కడే ఉన్నడా లోకంల? అడగాలె కద."

"రేపు పోత."

"ఇద్దరం పోదాం. మొదలు ఇది ఇప్పాలె."

బుధవారం నేసిన చోటిదాకా విప్పాలి. నేసిన పేకను పోగు పోగుగా వెనక్కి తీయాలి. నాలుగు రోజుల నేత. ఇద్దరూ మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. కొస దొరకబుచ్చుకుని మొదటి వరస తీస్తుండగా ఫోను మోగింది. సదానందం లేవబోయి, ఆగి, ఫోనును గట్టు మీద ఇద్దరి మధ్యలో పెట్టి స్పీకరు నొక్కాడు.

"కాకా, మంగళవారం పక్కానా?"

"కాదు. వంకర పోయింది. ఇప్పుతానం. శుక్రవారం ఇస్తం."

"ఇప్పుడా చెప్పేది? నేను మొదటి సంది అంటనే ఉన్న, మిషన్ మీదైతే..."

సదానందం చెయ్యి పన్నె మీదికి పోయింది. అనసూర్య చూపు ఆ చెయ్యి మీదే ఉంది. అతను దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఓంకారూ, ఆ మాట అంటే నాకు కోపమొస్తాంది. ఇగ అనకు. శుక్రవారం ఇస్త, వంకర లేకుంట ఇస్త. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు."

"గట్ల సీరియస్ అయితవేంది కాకా," అన్నాడు ఓంకార్. "హాలోళ్ళతోని మాట్లాడి చూస్త. శుక్రవారం దాటితే మాత్రం నాకొద్దు."

ఫోను పెట్టేశాడు. సదానందానికి గెలిచినట్టేమీ అనిపించలేదు. ఓంకార్ ఆఖరుదన్న మాట వెనక్కి తీసుకోలేదు. కానీ భుజాల్లోంచి ఏదో బరువు కొద్దిగా దిగింది. బీపీ గోలీ మింగినా అలా దిగేది కాదు.

సందె దీపం పెట్టేవేళకు భవాని వచ్చింది, చేతిలో టిఫిను డబ్బాతో, దుకాణం నుంచి నేరుగా.

"ఏం అక్కా, ఏమంటవ్? సేటు అడుగుతాండు." మగ్గం వైపు చూసి ఆగింది. "ఇదేంది బావా, నేసిందంత ఇప్పుతాన్నరు? తాగినవా ఏంది?"

"నేనే గట్టిగ గుంజిన. వంకర పోయింది," అన్నాడు సదానందం.

భవాని అనసూర్య ముఖంలోకి చూసింది. సదానందం చూడలేదు. తన చేతిలోని పోగు మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"రేపు రాను భవానీ," అంది అనసూర్య. "ఇది మంచిగ మగ్గం దిగాలె. తర్వాతి ముచ్చట మేమిద్దరం మాట్లాడుకొని చెప్తం."

"అప్పటిదాక ఆ జాగ ఆగదక్కా."

"ఆగకుంటే పోనియ్. దుకాణాలు మస్తున్నయ్ హన్మకొండల."

భవాని మూతి విరిచి, "మీ ఇష్టం," అనేసి వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ పని ఆపి కూర్చున్నారు.

"సంతోషపడకు," అంది అనసూర్య. "ఉంటనని అనలే."

"తెలుసు."

"తెలిస్తే తియ్యి మల్ల."

లైటు వేసుకుని విప్పడం మొదలుపెట్టారు. ఆమె పక్క పేక తేలిగ్గా లేచి వచ్చేసింది. అతని పక్కన మాత్రం ఒక్కో పోగునూ గోటితో పెకలించి తీయాల్సి వచ్చింది. ప్రతి వరసకూ అనసూర్య ముందుగా ముగించి, తన వైపు కొసను వేళ్ళకు చుట్టుకుని, అతను అక్కడిదాకా వచ్చేవరకు ఆగింది.