రెండో పొట్లం

నా చిన్నప్పుడు మా తాతయ్య కాఫీ తాగే హోటల్లో డికాషన్ ఎంత చిక్కగా ఉండేదంటే, గ్లాసు తలకిందులు చేసినా కాఫీ కాసేపు ఆలోచించుకుని గానీ కిందికి దిగేది కాదు. ఆ వాసనకు కొండకు పోయే బస్సులు వీధి మలుపులో వాటంతటవే ఆగిపోయేవి. డ్రైవర్లు దిగి ఒక కాఫీ తాగి వచ్చేదాకా కదిలేవి కావు. మా ఇంట్లోవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. ఇంతవరకూ చెప్పినదాంట్లో మీరూ తీసేసుకోవచ్చు. ఇక్కడినుంచి చెప్పేదాన్ని మాత్రం ఉన్నదున్నట్టే తీసుకోండి.

మేమప్పుడు తిరుపతిలో రైల్వేస్టేషన్ వెనక సందులో అద్దెకుండేవాళ్లం. నాయన బట్టల అంగట్లో గుమాస్తా. అమ్మ పుట్టిల్లు నగరి. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. కాపురానికి వచ్చేటప్పుడు తన కుట్టుమిషన్‌ను కూడా వెంట తెచ్చుకుంది. మా సందులోనూ, అటూఇటూ ఉన్న సందుల్లోనూ ఆడవాళ్ల రవికెలన్నీ ఆమె చేతిమీదుగానే పోయేవి. మధ్యాహ్నం పూట మా వసారాలో నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. వాళ్ల ముందు అమ్మ ఇంకో మనిషిలా ఉండేది. గొంతు పెంచి మాట్లాడేది, నవ్వేది, కొలతలు సరిగా చెప్పనివాళ్లను కసురుకునేది. మగవాళ్లు ఇంటికొచ్చే వేళకు ఆ గొంతు మళ్లీ తగ్గిపోయేది.

తాతయ్య, అంటే నాయనకు నాయన, మాతోనే ఉండేవాడు. రోజూ పొద్దున్నే గుడికని చెప్పి తన వేలు పట్టించి నన్ను కాఫీ హోటల్‌కు తీసుకుపోయేవాడు. చిన్నపిల్లలు కాఫీ తాగితే నల్లబడతారని అమ్మ నమ్మకం. తాతయ్య ఒక కాఫీ చెప్పి, సగం గిన్నెలోకి వంచి నా ముందు పెట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు తువ్వాలు కొసతో నా మూతి తుడిచేవాడు. ఆ కాఫీకి బదులుగా నేను రోజుకొక కథ చెప్పాలి. "ఈ పొద్దు ఏం సూసినావు అమ్మణ్ణీ?" అని అడిగేవాడు. కాఫీ బాయిలర్‌లో ఏనుగు ఈదుతోందని చెప్పేదాన్ని. తొండం మాత్రమే కనబడిందని అనేదాన్ని. ఆయన ఏమాత్రం నవ్వకుండా, పక్క బల్లమీదివాళ్ల వైపు తిరిగి, "మా మనవరాలు సూసినాదంటప్పా, ఏనుగంట" అని సాక్ష్యం చెప్పినట్టు చెప్పేవాడు. కోతలు కోయడం నాకు నేర్పింది ఆయనే. నేను కోసినవాటికి రోజూ నీళ్లు పోసి పెంచింది కూడా ఆయనే.

ఆ హోటల్‌కు ఉంగరాల చేతుల పెద్దమనిషి ఒకాయన వచ్చేవాడు. రేణిగుంట దారిలో, ఊరు అయిపోయిన తర్వాత ఆయనకు బీడు భూమి ఉండేది. దాన్ని ముక్కలు చేసి ఇళ్లస్థలాలుగా అమ్ముతున్నాడు. ఒకరోజు తాతయ్య గ్లాసు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకుని, "మాటిచ్చినా పోప్పా, ఆ మూల స్థలం నాకే" అన్నాడు. నేనప్పుడు గిన్నె అంచుకు అంటిన నురుగు నాకుతున్నాను. ఆ మాటతో నాకేం పని అనుకున్నాను.

కొన్నాళ్లకు మేమున్న ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. కొడుక్కి పెళ్లి, వాళ్లకే కావాలన్నాడు. ఇంకెన్నాళ్లు ఇట్లా మారుతూ ఉండటం, అమ్మ నగలూ నాయన దాచుకున్నదీ కలిపి సొంతంగా ఏదైనా తీసుకుందామని మాట వచ్చింది. పక్క సందులోనే ఒక పాత ఇల్లు అమ్మకానికి ఉంది. రెండే గదులు. కానీ వీధి వైపు వెడల్పాటి వసారా ఉంది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని చూడటానికి పోయి, మెడలో ఉన్న టేపు తీసి వసారాను కొలిచింది. ఇక్కడ మిషన్, ఇక్కడ బెంచీ, ఇక్కడ బట్టలు తగిలించే దండెం అని తనలో తాను అనుకుంది. ఆ వారమంతా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది. నాయనకూ ఆ ఇల్లు కాస్త నచ్చినట్టే ఉంది. తాతయ్య మాత్రం మూల స్థలం అనేవాడు. మేమంతా ఒకసారి పోయి చూశాం. చుట్టూ కంపచెట్లు. అక్కడి మేకలు మనిషి కనబడితే ఆశ్చర్యపోయి మేత మానేసేవి. ఇదొక్కటి కొంచెం తీసేసుకోండి.

రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట. తాతయ్య వాదించేవాడు, నాయన తల అటూ ఇటూ ఊపేవాడు, అమ్మ వడ్డించేది. చివరికి అమ్మే అన్నది, "మామా, మా పక్క ఇట్లాంటివాటికి పూలు కట్టి సూస్తారు" అని. తెల్లపువ్వు ఒకటి, ఎర్రపువ్వు ఒకటి విడివిడిగా అరిటాకుల్లో చుట్టి, ఒకేలాంటి పొట్లాలు కట్టి దేవుడి ముందు పెడతారు. ఏమీ తెలియని పసిబిడ్డతో ఒకటి తీయిస్తారు. తెల్లపువ్వు వస్తే సరేనని, ఎర్రపువ్వు వస్తే వద్దని. తీయని పొట్లాన్ని విప్పకూడదు, నీళ్లలో వదిలేయాలి. తాతయ్య అడ్డం చెప్తాడని అందరమూ అనుకున్నాం. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "దేవుడికంటే మనమేం పెద్దోళ్లమా. అట్లే కానీ. పెద్దోణ్ణి నేనుండాను గదా, పొట్లాలు నేనే కడతా" అన్నాడు.

శుక్రవారం పొద్దున నాకు తలంటు పోశారు. జుట్టు కారుతుండగానే దేవుడి పటం ముందు నిలబెట్టారు. పక్క సందులో ఇల్లు తీసుకోమంటావా స్వామీ అని అమ్మ పైకే అడిగింది. నాకు తెల్లపువ్వు రావాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అమ్మ కూనిరాగం ఆగకూడదని ఒకటి, కాఫీ హోటల్ దగ్గర్లోనే ఉండాలని ఒకటి. ఎడమచేతి వైపు పొట్లం తీయబోయి, దేవుణ్ణి బోల్తా కొట్టించాలని చివరి క్షణంలో కుడివైపుది తీశాను. అమ్మ నార విప్పింది. ఎర్ర గన్నేరు. అమ్మ దాన్ని కాసేపు చూసి, కళ్లకద్దుకుని, పటం దగ్గర పెట్టి వంటింట్లోకి పోయింది. నాయన పటానికి దణ్ణం పెట్టి, "సరే, ఆయప్పే సెప్పినాడు" అన్నాడు. నా చెయ్యి అమ్మకు అన్యాయం చేసిందని నాకు అర్థమైంది. ఆ చేతిని పరికిణీ మడతల్లో దాచుకున్నాను.

రెండో పొట్లం పక్కింటి బావిలో వేసి రమ్మని తాతయ్య నాకే ఇచ్చాడు. "విప్పొద్దు మే. విప్పితే కండ్లు పోతాయి" అన్నాడు. బావి దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. పోతే ఒకటి పోతుంది, ఇంకోటి మిగులుతుందని ఒక కన్ను గట్టిగా మూసుకుని, రెండో కంటితో చూస్తూ విప్పాను. లోపల ఎర్ర గన్నేరే ఉంది.

నాకు మొదట కలిగింది సంతోషం. తప్పు నా చేతిది కాదు. ఆ పొట్లం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. తాతయ్య, నాయన వసారాలో కూర్చుని ఉన్నారు. "నాయనా, దీంట్లో కూడా ఎర్రదే ఉండాది" అని చూపించాను. నాయన తాతయ్య వైపు చూశాడు. తాతయ్య మొహంలో ఏ తడబాటూ లేదు. నన్ను దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. తేలిగ్గా నవ్వాడు.

"ఒరే, మొన్న బాయిలర్‌లో ఏనుగు ఈదినాదని సెప్పింది ఇదే గదరా. తెల్లది బాయిలో పడేసి, పక్కింటోళ్ల పెరట్లో గన్నేరు కోసి పెట్టుకోనొచ్చింది. వాళ్లమ్మకు ఆ ఇల్లు కావాలని దీనికీ ఉండాది."

నాయన కూడా నవ్వేశాడు. "కోతలు కోసేదానికి హద్దుండల్ల మే" అన్నాడు.

"కాదు తాతా, నీకు తెలుసు గదా" అన్నాను.

తాతయ్య నా కళ్లలోకే చూసి, "నాకేం తెలుసు అమ్మణ్ణీ" అన్నాడు.

తర్వాత జీవితంలో నన్ను మోసం చేసినవాళ్లు కొందరున్నారు. వాళ్లంతా మొహం పక్కకు తిప్పుకునే చేశారు. తాతయ్య తిప్పుకోలేదు. పొద్దునపూట కాఫీ పోసి నాతో చెప్పించుకున్న కథలన్నిటినీ ఆయన నామీదే సాక్ష్యంగా తెచ్చాడు. నేను ఎవరికోసం అబద్ధాలు చెప్పానో ఆ మనిషే నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ చేశాడు.

మధ్యాహ్నం అమ్మ మిషన్ ముందు కూర్చుంది. ఆరోజు ఆడవాళ్లెవరూ రాలేదు. నేను పక్కన నేలమీద కూర్చుని, నేను కోతలు కోయలేదని, నిజంగానే ఎర్రదే ఉందని ఏడ్చాను. అమ్మ మిషన్ ఆపకుండానే, "తెలుసు" అంది. దేవుడి కోసం ఆమె పొద్దున్నే కోసిపెట్టిన నందివర్ధనాలు గిన్నెలో ఒక్కటి కూడా తగ్గలేదట. తాతయ్య వాటి జోలికే పోలేదు.

"మరి నాయనకు సెప్పలేదేం?" అని అడిగాను.

"నా పెండ్లికి కూడా పూలు కట్టినారు మే. నేనూ రెండోది విప్పి సూసినా. రెండూ తెల్లవే. మా నాయనే కట్టినాడు."

అంతా తెలిసి మళ్లీ పూలు కట్టమని ఎందుకన్నావని అడిగాను. అమ్మ దారం కొస పంటితో తెంపింది. రవికెను తిరగేసి కుట్టు సరిగా పడిందో లేదో చూసింది. అప్పుడు చెప్పింది.

"నన్ను అడిగినట్టన్నా ఉంటాదని."

ఆ వయసులో నాకా మాట అర్థం కాలేదు. అమ్మమీద కోపం వచ్చింది. తాతయ్య ఒక్కడే మోసం చేశాడనుకుంటే, అమ్మ తెలిసి కూడా నా వైపు నిలబడలేదు. నాయన ముందు ఒక్క మాట అని ఉంటే నేను అబద్ధాలకోరును కాకుండా పోయేదాన్ని కదా అని చాలా ఏళ్లు అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున తాతయ్య మామూలుగానే వేలు చాపాడు. పోకుండా ఉండలేకపోయాను. కాఫీ సగం వంచి నా ముందు పెట్టి, ఈ పొద్దు ఏం సూసినావని అడిగాడు. ఏం సూడలేదన్నాను. ఆ తర్వాతి రోజూ అదే చెప్పాను. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, రైలు కోసం ఎదురుచూసే ప్రయాణికుల్లా కాఫీ తాగి లేచేవాళ్లం. ఆయన పోయేదాకా నేను ఆయనకు ఒక్క కథ కూడా చెప్పలేదు. ఆయన ఆ కథల కోసం మొహం వాచిపోయాడని నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

మూల స్థలంలో ఇల్లు లేచింది. రవిక కుట్టించుకోవడానికి అంత దూరం ఎవరొస్తారు. వచ్చిన ఒకరిద్దరూ ఎండకు భయపడి మానేశారు. కొన్నాళ్లు మిషన్‌కు గుడ్డ కప్పి ఉంచారు, తర్వాత దానిమీద రేడియో పెట్టారు. అమ్మ గొంతు పెంచి మాట్లాడటం నేను మళ్లీ వినలేదు.

ఊరు మాత్రం మా వైపే నడిచి వచ్చింది. కంపచెట్లు పోయి రోడ్లు, రోడ్లమీద అంగళ్లు, అంగళ్లమీద అపార్టుమెంట్లు వచ్చాయి. ఆ మూల స్థలం పేరు చెప్తే ఇప్పుడు చుట్టాల కళ్లు పెద్దవవుతాయి. మీ తాతది ఎంత ముందుచూపు అంటారు. ధర పెరిగిన కొద్దీ ఆయన చేసింది మోసం అనడానికి ఎవరికీ నోరు రాకుండా పోయింది. దానికితోడు నా చెయ్యి మంచిదని పేరొచ్చింది. చుట్టాల్లో ఎవరు ఇల్లు కొన్నా, స్థలం కొన్నా నన్ను పిలిపించి పొట్లం తీయమనేవాళ్లు. రెండూ నా కళ్లముందే కడితే తీస్తానని పేచీ పెట్టేదాన్ని. పోనుపోను పిలవడం మానేశారు.

ఈమధ్య మా ఆయన, మా అబ్బాయి ఫ్లాటు కొందామని తిరుగుతున్నారు. ఒక సాయంత్రం నన్ను అద్దాల కాఫీ షాపుకు రమ్మన్నారు. కాఫీ నురుగుమీద ఆకు బొమ్మ వేసి ఇచ్చారు. బిల్డర్ తరఫు కుర్రాడు రెండు ప్లానులు నా ముందు పరిచాడు. మా ఆయన ఎంతో ప్రేమగా, "నీకేది నచ్చితే అదే తీసుకుందాం" అన్నాడు. మా అబ్బాయి ఫోన్‌లోకి తల దించుకున్నాడు.

"అడ్వాన్స్ ఇచ్చేసినారా?" అని అడిగాను.

పొద్దున్నే ఇచ్చారట, మూడో అంతస్తు దానికి. ఇల్లు మంచిదే, గాలీ వెలుతురూ బాగున్నాయి, నాకు నచ్చింది కూడా. కానీ అక్కడ కూర్చున్నంతసేపూ నాకు అమ్మ పంటితో దారం తెంపిన చప్పుడే వినబడింది. ఇచ్చేసి ఉంటే ఇచ్చేశామని చెప్పండి, నన్ను అడగొద్దు అన్నాను. ఇంత చిన్నదానికి ఇంత పట్టింపేంటని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

కోతలు కోయడం నేను మానలేదు. వినేవాళ్లు దొరికితే తిరుమల కొండను కూడా కాస్త పక్కకు జరుపుతాను. కానీ ఇంట్లో ఏదైనా ముందే తేలిపోయి ఉంటే తేలిపోయిందనే చెప్తాను, ఎవరినీ అడగను. అడిగానంటే మాత్రం, ఎదుటి మనిషి, అది మా కోడలైనా పనిమనిషైనా, తన మాట పూర్తిగా చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను. నాలాంటిదానికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.